పిల్లల్ని తినే చెట్టు

ఆ మాట మొదట అన్నది మా పెద్దమ్మ, మా పెద్దనాయిన భార్య. తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో, మా మెట్టచెలక గట్టు మీద నిలబడి, చెలక నడుమనున్న ఇప్పచెట్టు వైపు చెయ్యెత్తి చూపిస్తూ అన్నది.

"గిది పిల్లల్ని తినే చెట్టు. దీని కన్ను ఇంటి మీద పడ్డది. లేకుంటే ఒక్కటి గాదు, రెండు పానాలు గట్ల పోతయా?"

పోయిన రెండు ప్రాణాలు మా వదిన బిడ్డలు. మొదటి బిడ్డ పుట్టిన రోజే పోయింది. రెండో బిడ్డ కొన్ని నెలలు బతికి, మనిషిని చూసి నవ్వడం నేర్చుకుని, జ్వరమొచ్చి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. పెద్దమ్మ ఆ మాట అన్నప్పుడు వదిన అక్కడే జొన్నలో కలుపు తీస్తున్నది. తలెత్తలేదు. చెట్టు పేరు పెట్టి ఎవరినంటున్నదో తెలియనంత అమాయకులు ఆ చెలకలో ఎవరూ లేరు.

నేనూరుకోలేదు. ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. "దవాఖాన గంత దూరముండుడు చెట్టు తప్పా పెద్దమ్మా?" అని అడిగాను. "సదువుకున్నదానివి, నీకేం ఎరుక ఇండ్ల సంగతి" అని ఆమె ముఖం తిప్పుకుంది. నాకప్పుడు జడ్చర్లలో ఒక చిన్న జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం. అక్కడే కిరాయి గదిలో ఉంటూ, సెలవు దొరికితే బస్సెక్కి అమ్రాబాద్ దారిలోని మా ఊరికొచ్చేదాన్ని. చెట్ల గురించి నలుగురికి పాఠం చెప్పి జీతం తీసుకునే నాకు, మా చెలకలో చెట్టు కింద ఏం జరుగుతున్నదో నిజంగానే ఎరుక లేదు. ఆ సంగతి నన్ను చాలా రోజులు తినేసింది.

ఎందుకంటే చెట్టు మీద నింద ఊరికే పుట్టలేదు. మిరుగం వానలు, అంటే మృగశిర కార్తె వానలు, పడగానే ఇప్పకాయలు రాలేవి, గింజలు పగిలేవి, ఎర్రటి లేత మొలకలు చాప పరిచినట్టు లేచేవి. బతుకమ్మ పండుగ నాటికి ఒక్కటి మిగిలేది కాదు. ఆకులు జల్లెడయ్యేవి, కాడలు మొదట్లో నల్లబడి ఒరిగిపోయేవి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. పెద్ద చెట్టుకు మాత్రం ఏ రోగమూ లేదు. ఎండాకాలం తెల్లారేసరికి దాని కింద నేలంతా పూలే. మా అమ్మ బతికున్నన్నాళ్లు గంపలకెత్తి ఎండబెట్టేది.

మొలకలు పోవడం మా నాయినకు ఎన్నడూ సహించలేదు. ఆయన గొర్ల మధ్యనే పుట్టి గొర్ల మధ్యనే ముసలివాడైన మనిషి. మందలో ఏ పిల్ల నీరసించినా ముందు దాని తల్లిని వెతుకుతాడు. తల్లి తన్ని తరిమినా సరే, కాళ్లు ఒడిసిపట్టుకుని పిల్ల మూతి పొదుగుకు ఆనించి పాలు తాగిస్తాడు. తల్లికి దూరమైన పిల్ల దక్కదన్నది ఆయన బతుకంతా చూసిన నిజం. అందుకే మేపుకు పోయినప్పుడు ఏ వేపచెట్టు కిందనో, ఏ తునికి పొదలోనో ఒంటరిగా ఒక ఇప్ప మొక్క కనబడితే, "అయ్యో, తప్పిపోయొచ్చింది" అని మట్టితో సహా పెళ్లగించి, గొంగట్లో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేవాడు. మా ఇప్పచెట్టు మొదట్లో గుంత తీసి నాటేవాడు. చుట్టూ రేగు కంప కట్టి, మీద ఎండిన గొర్రె పెంట చల్లి, "ఇగ ఫికర్ లేదు, తల్లి దగ్గరికొచ్చినవ్" అని మొక్కతో మాట్లాడేవాడు. ఇంత చేసినా అవీ పోయేవి. పోయిన ప్రతిసారీ ఆయన చెట్టు ముఖం చూడకుండా రెండు రోజులు తిరిగేవాడు. ఊళ్లో గొర్లు కాసే ముసలివాళ్లంతా అదే చేసేవారు, అందుకే అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుంది. చెట్టు కొట్టెయ్యాలంది. కొట్టేస్తే పీడ పోతుందంది. అంతటితో ఆగక, గొంతు తగ్గించి, అయినా అందరికీ వినబడేటట్టు, "పిలగానికి ఇంకో సంబంధం చూసుడు గూడ తప్పు గాదు" అన్నది. పిలగాడంటే మా అన్న. అన్న గుంజకు ఆనుకుని నిలబడి నేల చూస్తున్నాడు. అన్న మంచివాడే. పెద్దల ముందు నోరు పెగలని మంచితనం ఎవరికి పనికొస్తుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

వదిన పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె పెద్దమ్మకు ఎదురు చెప్పడం నేను చూడలేదు.

"చెట్టును కొడ్తరు, సరే. కొట్టినంక గూడ నాకు పిల్లలు నిలవకపోతే గప్పుడేం కొడ్తరు?"

నాయినే మధ్యలో కల్పించుకున్నాడు. "వచ్చే యేడు వానలు పోయెదాక ఆగుదాం. దాని గింజ ఒక్కటన్న మొక్కయి నిలిస్తే చెట్టు జోలికి పోవద్దు. నిలవకుంటే రంపం పిలిపిద్దాం" అన్నాడు. ఆయన తీర్పు చెట్టుకు చెప్పాడు. మేమంతా అది వదినకు చెప్పినట్టే విన్నాం. చెట్టు పడితే ఆమె మీద మచ్చ నిజమైపోతుంది, ఇంకో సంబంధం మాట వాకిట్లోంచి ఇంట్లోకొస్తుంది. బస్సులో జడ్చర్లకు తిరిగిపోతూ నేను పండ్లు బిగబట్టి ఒకటే అనుకున్నాను. ఒక్క మొక్క. ఎట్లాగైనా ఒక్క మొక్క నిలబెట్టాలి.

ఆ చలికాలం మా కాలేజీ పిల్లల్ని అమ్రాబాద్ అడవికి తీసుకుపోయాం. ముందురోజు తరగతిలో చెప్పిన పాఠం అడవుల గురించే. చలి దేశాల్లో కొన్ని అడవులు కోసుల కొద్దీ ఒకే జాతి చెట్టుతో నిండి ఉంటాయి. వేడి దేశాల అడవుల్లో నాలుగు అడుగులకొక కొత్త చెట్టు. వానలు దండిగా కురిసే అడవులతో పోలిస్తే మా నల్లమల ఎండు అడవే. అయినా నల్లమద్ది, తునికి, మొర్రి, ఏగిస, తిరుమాను, రేల, కరక్కాయ, ఉసిరి అన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఉంటాయి. ఎందుకట్లా అంటే, వేడి ఎక్కువ, వాన ఎక్కువ అని పుస్తకం రెండు ముక్కల్లో తేల్చేసింది. నేనూ తేల్చేశాను.

అడవిలో ఒక అమ్మాయి నన్ను ఆపింది. "మేడమ్, ఎండా వానా మంచిగుంటే చెట్లన్నీ పెరుగుతయి, గది సమజైంది. మరి అండ్ల బలమైన చెట్టు ఒక్కటి మిగతాయిటిని తొక్కేసి, అడవంత తానే ఎందుకు గాలేదు?"

జవాబు రానప్పుడు పంతులమ్మలు చేసే పనే నేనూ చేశాను. "మీరే చూసి చెప్పండి" అన్నాను. అనుకోకుండా నోటికొచ్చిన ఆ మాటే నన్ను దారికి తెచ్చింది. ఎదురుగా ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. పిల్లలు దాని కింద వంగి వెతికారు. ఎండిన మొలకల పుల్లలున్నాయి, మొదట్లో నల్లబడినవి, పురుగు కొరికినవి. బతికున్న ఇప్ప మొక్క ఒక్కటి లేదు. కానీ ఆ చెట్టు కిందనే మద్ది మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. కేకేస్తే వినబడేంత దూరంలో, ఒక నల్లమద్ది నీడలో, నడుమెత్తు ఇప్ప మొక్క నిగనిగలాడుతూ నిలబడి ఉంది. పిల్లలు దాన్ని చూసి చప్పట్లు కొట్టారు. నా కళ్ల ముందు మాత్రం మా చెలక కదిలింది.

తిరిగొచ్చాక నాకు యూనివర్సిటీలో పాఠం చెప్పిన సారుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "ఇన్నాళ్లకు అడిగావా" అన్నాడు. ఆయన చెప్పింది ఇది. పెద్ద చెట్టు ఉన్నచోట దాని ఆకు మీదే బతికే పురుగు, దాని వేరుకే పట్టే బూజు ఏళ్ల తరబడి పోగుపడతాయి. ముదిరిన చెట్టు వాటిని ఓర్చుకుంటుంది, లేత మొలక ఓర్చుకోలేదు. చాలావరకు ఇప్ప పురుగుకు మద్ది రుచించదు, మద్ది పురుగుకు ఇప్ప రుచించదు. కాబట్టి ఏ చెట్టూ తన చుట్టూ తన సంతతినే నింపుకోలేదు. తన కింది జాగా పరాయి గింజకు వదిలెయ్యాల్సిందే. తన గింజ బతకాలంటే అది పరాయి నీడను వెతుక్కోవాల్సిందే. ఇప్పకాయను గబ్బిలం ఎత్తుకుపోయి ఎక్కడో పారేస్తుందే, అది చెట్టుకు జరిగే నష్టం కాదు, బతుకుదారి. చలి దేశాల్లో గడ్డకట్టే చలి పురుగును కొంత అణచిపెడుతుంది, మన దగ్గర దానికి అంతటి చలి దెబ్బ లేదు. బలమైన చెట్టు అడవినంతా ఆక్రమించకపోవడానికి ఇదొక పెద్ద కారణమని చాలామంది నమ్మకం. "ఒక్క ఇదే కారణమని మాత్రం పిల్లలకు చెప్పకు. వేడిమి ఉంది, వాన ఉంది, ఆ అడవుల వయసు ఉంది. ఏది ఎంత అన్న దాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు" అని కూడా అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు సంతోషం కంటే ముందు కోపమొచ్చింది. తల్లి కింద పిల్ల చావడం ఆ చెట్టు పాపం కాదు. అడవిలో ప్రతి చెట్టు కిందా జరుగుతున్నదే. అది జరగబట్టే అడవిలో ఇన్ని రకాల చెట్లకు చోటుంది. దాన్ని పట్టుకుని ఒక ఆడమనిషి నుదుట ముద్ర కొడతారా?

వచ్చిన సెలవుకే ఊరికి పోయి నాయినకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తల అడ్డంగా ఊపాడు.

"తల్లికి దూరం జేస్తే బతుకుతదా బిడ్డా? ఏం మాట గది?"

"చెట్టు పాలియ్యది నాయినా."

"నీడిస్తది గద."

ఇట్లా లాభం లేదని నేను గొర్ల దగ్గరికి దిగాను. "మందను ఒక్క చెలకల ఎన్ని రోజులు పెడ్తవ్?" అని అడిగాను. మా దగ్గర రైతులు ఎరువు కోసం గొర్ల మందను చెలకలో పడుకోబెట్టించుకుంటారు. కొద్దిరోజులకు మంద ఇంకో చెలకకు మారుతుంది.

"ఎక్కువ రోజులు పెట్టం. జాగ మార్చాలె."

"ఎందుకు మార్చాలె?"

"మార్చకుంటే పేను పడ్తది, గిట్టలు చెడ్తయి. ముందుగాల పిల్లలే పోతయి..." అని ఆగాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. "పెద్ద గొర్రె తట్టుకుంటది" అని తనలో తాను అన్నాడు. ఒప్పుకున్నానని అనలేదు. ఆ రోజు అన్నం మాత్రం సరిగా తినలేదు.

ఇప్ప గింజను దాచుకోవడానికి లేదు, కొద్దిరోజుల్లోనే చెడిపోతుంది. అందుకని వానల దాకా ఆగాం. మిరుగం రాగానే నేను కాలేజీకి సెలవు పెట్టి వచ్చేశాను. వదినా నేనూ ఆ చెట్టు కింద కాయలేరి, పండు పిసికి గింజ తీసి, ఒడి నింపుకుని బయల్దేరాం. తునికి పొదల్లో, వాగు గడ్డ మీద మద్దిచెట్టు కింద, వేప కింద, గట్ల మీద, ఇప్ప అనేది కనబడని ప్రతిచోటా పెట్టాం. వాగు మూడో వంపు దగ్గర వదిన గుంత తీస్తూ, "పిల్లా, గీ గింజకు తల్లి యాదికస్తదంటవా?" అని అడిగింది. నేను రాదన్నాను. "నాకస్తరు" అన్నది. పోయిన బిడ్డల మాట ఆమె నా ముందు ఎత్తడం అదే మొదలు. మట్టి చేతులతోనే ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి, గుంత పూడ్చి, ముందుకు నడిచాం.

అనుకున్నంత సులువుగా ఏదీ కాలేదు. దారి పక్క మొలకల్ని మేకలు మేసేశాయి. నడుమ వాన మొహం చాటేసింది, గట్ల మీదివి ఎండిపోయాయి. వదిన బిందెతో వాగు నుంచి నీళ్లు మోసి పోసేది. నేను జడ్చర్లలో ఉన్న రోజుల్లో ఆమె ఒక్కతే తిరిగేది. ఊళ్లో నవ్విన వాళ్లు నవ్వారు. పెద్దమ్మ అయితే, "కడుపుల లేని పిల్లల్ని అడివిల ఏరుకుంటాంది" అన్నది. ఆ మాట ఫోన్‌లో నాకు చెప్పి వదిన, "అననీ. ఇయ్యాల వేపకింది దానికి రెండాకులు లేసినయ్" అన్నది. ఆమె గొంతులో అంత మొండితనం నేను ఎరగను. నాకు భలే ఇష్టమైంది.

ఒకరోజు నాయిన ఆ వేపకింది మొక్కను చేతిలో పట్టుకుని ఇంటికొచ్చాడు, వేరుతో సహా. మంద వెంట తిరిగి తిరిగి చేతికి అబ్బిన పని, మేపులో కనబడింది, వంగి పెళ్లగించాడు. గుమ్మంలో వదినను చూశాక గాని ఆయనకు తెలివి రాలేదు. ఆమె మొక్క అందుకుని పరుగున పోయి అదే గుంతలో పెట్టింది. అది బతకలేదు. నాయిన ఆ తర్వాత మేపుకు పోతే చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

వానలు పోయాయి. గడువు తీరింది కాబట్టి పెద్దమ్మే రంపం వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పచెట్టు కింద ఎప్పటిలాగే నేల బోసిగా ఉంది. "సూడు మరిదీ, ఒక్కటున్నదా?" అని నాయినను అడిగింది. రంపం వాళ్లు తాడు విప్పుతున్నారు.

"ఉన్నయి. ఈడ గాదు" అన్నది వదిన.

ఆమె ముందు నడిచింది. నాయిన, అన్న, పెద్దమ్మ, నేను, వెనుక రంపం వాళ్లు. ఎండిన గడ్డిలోంచి వాగు దాకా నడిపించి, తునికి పొదను చేత్తో పక్కకు తీసి చూపించింది. జానెడు మించిన ఇప్ప మొక్క. ఆకు మీద ఒక్క చిల్లి లేదు. మద్దిచెట్టు కింద ఇంకొకటి, దానికంటే ఎత్తు.

పెద్దమ్మ ఊరుకోలేదు. "గీవి గా చెట్టువే అని ఏం నమ్మకం? ఏ గబ్బిలం పడేసిపోయిందో."

"నేను పెట్టిన. దాని గింజ తీసి నా చేతులతోని పెట్టిన. చెట్టు మంచిదే, గింజ మంచిదే" అన్నది వదిన. ఆమె కళ్లు దించలేదు.

నాయిన మొక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. ఆయన లేచినప్పుడు మాట పెద్దమ్మకు కాదు, రంపం వాళ్లకూ కాదు, నేరుగా కోడలికి చెప్పాడు.

"చెట్టు తినలేదు బిడ్డా. ఇన్నేండ్ల సంది బతికేటియన్ని నేనే తెచ్చి తెచ్చి దాని కింద పెట్టి చంపిన. తెల్వక చేసిన, గది పోనీ. నీ మీద గా మాట వడ్డనాడు మాత్రం నాకు తెలుసు, నువ్వు తినలేదని. తెలిసీ నోరు మూసుకున్న. గది తెల్వక గాదు."

ఆ తర్వాత రంపం వాళ్లకు చాయ్ తాగి పొమ్మన్నాడు. పెద్దమ్మ వెంటనే వెనుదిరిగింది. మా అన్న, నా నోరులేని అన్న, ఆమెను నాలుగడుగులు వెంబడించి, "పెద్దమ్మా, సంబంధం ముచ్చట ఇంకోపారి తేకు. నేను చేసుకోను" అన్నాడు. ఎన్ని రోజుల నుంచి ఆ మాట లోపల పెట్టుకున్నాడో, అంటుంటే చెమటలు పట్టాయి.

ఇదంతా జరిగి ఏళ్లయింది. మద్ది కింది ఇప్ప నాకంటే ఎత్తయింది, ఇంకా పూత పట్టలేదు. నాయిన లేడు. గింజలు పెట్టే పని వదిన ఏ వానాకాలమూ మానలేదు. చివరికి నాలుగో అయిదో నిలిచాయి, మిగిలినవన్నీ పోయాయి, అయినా మానలేదు. వదినకు మళ్లీ పిల్లలు కాలేదు. నేను జడ్చర్లలో అడవుల పాఠం చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను, సారు చెప్పిన జాగ్రత్తలన్నీ చెబుతాను, మా చెలక సంగతి మాత్రం చెప్పను. అది వదిన సొంతం.

మొన్న వానల్లో ఇద్దరం గింజలు పెట్టి వస్తుంటే అడిగాను, ఇంకా బాధపడుతుంటావా వదినా అని.

"పడ్త. దినాం పడ్త. యాడికి పోతది?" అన్నది చెంగుతో చేతులు తుడుచుకుంటూ. "కాని పిల్లా, గిప్పుడు నా పిల్లలు సచ్చిపోయిన్రు అని ఏడుస్త. గప్పుడు నేను తిన్ననేమో అని ఏడ్సేదాన్ని."